ద్యాద్య వందసార్లు

ఏంటమ్మా లిడియా, శుభలేఖతో పాటు ఈ నోట్‌బుక్కు కూడా పట్టుకొచ్చావా? మీ అమ్మ ట్రంకుపెట్టెలో దొరికిందా? పుష్పలత ఏదీ పారెయ్యదు. చర్చిలోకి నిన్నెవరు నడిపించాలన్న సంగతి తర్వాత చూద్దాం, ముందు కూర్చో. ఇది మీ నాన్న రాత అనుకున్నావా? ఛ, తోమాసు రాత ముత్యాల్లా ఉండేది. ఈ కోడి గెలికినట్టున్నది నాది. నలభై తొమ్మిదేళ్ళకి మొదలెట్టాను అక్షరాలు. పగలంతా పొలం, అందుకని పొద్దుగూకాక మీ నాన్న నాకు చదువు చెప్పడానికి మా అరుగు మీదకి వచ్చేవాడు. వానలో ఎందుకు బావా అంటే, "ఇరవయ్యేళ్ళు ఓడలో వంట చేసినోణ్ణి, భట్టిప్రోలు వాన నన్నేం చేస్తుంది" అనేవాడు. గొప్పలకేం తక్కువ లేదు. తుమ్ముతూనే చెప్పేవాడు.

ఆ, అవి తెలుగు మాటలు కాదు. తెలుగైతే నేను మొదటక్షరం చూసి మిగతాది ఊహించి చదివేసేవాణ్ణి. "దొంగ చదువు బావా నీది" అని, ఓడలో వాళ్ళ మాటలు చెప్పి రాయించేవాడు. ఇదిగో, వూయెక్, పోలండు వాళ్ళది. వూయ్‌చో, బల్గేరియా. ఊయాక్, సెర్బియా. అన్నిటికీ అర్థం ఒకటే, మేనమామ. మనోడికి కొత్తమనిషి కనిపిస్తే వరస కలపందే ముద్ద దిగదు కదా, నేను బావనైందీ అలాగే, ఓడెక్కిన ప్రతివాణ్ణీ మీ అమ్మ తమ్ముణ్ణి ఏమంటావని అడిగేవాడట. రష్యావాడు ద్యాద్య అన్నాడట. మరి నాన్న తమ్ముణ్ణో? అదీ ద్యాద్యేనట. మీ నాన్నకి ఒళ్ళు మండిపోయింది. "అంత దేశం పెట్టుకుని మామకీ బాబాయికీ ఒకటే మాటా? మరి పెళ్ళికూతురి గంప ఎవడు ఎత్తుతాడ్రా?" అని గరిటె పట్టుకుని నిలదీశాట్ట. పాపం, వాడికి గంపేంటో ఏం తెలుసు.

ఏంటి, ఈ పేజీయా? తిప్పెయ్. పేజీ నిండా ఒకటే మాట ఉంటే ఏంటట, ఒత్తులు రావాలంటే రాయాలి మరి. అబ్బ, వదలవే. సరే, విను.

మా సాయిసుధ పెళ్ళి తెనాలిలో చేశాం. పిల్లని గంపలో కూర్చోబెట్టి మండపంలోకి ఎత్తుకురావాల్సింది మేనమామ, అంటే మా బావమరిది రమేష్ బాబు. వాడికి చీరాల నేత పంచె పెట్టాను. పట్టుపంచె కాదని అలిగి, మండపం బయట మోటారుసైకిలెక్కి కూర్చున్నాడు. బతిమాలమని మా ఆవిడ కనకదుర్గ ఒకటే ఏడుపు. నేను బతిమాలతానా? పంతులుగారేమో, "ముహూర్తం దాటుతోందండీ" అంటాడు. అప్పుడు వంటల దగ్గర్నుంచి మీ నాన్న వచ్చాడు. పప్పుచారు చేతులు తువ్వాలుకి తుడుచుకుని, "కనకదుర్గ నన్ను అన్నయ్యా అంటుంది. నాకంటే మేనమామ ఎవడు?" అని గంప ఎత్తాడు. గంపలోంచి సాయిసుధ కూడా, "తొందరగా మామయ్యా, కాళ్ళు తిమ్మిరెక్కాయి" అంది. మా వాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఎవడో, "చర్చి ఆయన కదండీ" అన్నాడు. అప్పుడు వాడే... వాడు కాదులే, నేనే. "దించెయ్ బావా" అన్నాను.

దించాడు. మా తమ్ముడు ఎత్తాడు. అంటే పిల్లకి బాబాయి. మీ నాన్న నా చెవి దగ్గరకొచ్చి, "రష్యావాడివైపోయావు బావా" అన్నాడు, నవ్వుతూనే. అందరికీ కొసరి కొసరి వడ్డించి, తను మాత్రం మెతుకు ముట్టకుండా రేపల్లె బస్సెక్కాడు.

మర్నాడిక రాడనుకున్నాను. వచ్చాడు. "ద్యాద్య. వందసార్లు రాయి" అన్నాడు. ఇంత మొండివాణ్ణి, కూర్చుని రాశాను. తొంభై దాటాక, "చాల్లే బావా, చెయ్యి నొప్పెడుతుంది" అని ఆపేశాడు. అప్పుడే తప్పయిపోయిందని అనాల్సింది. రేపందాంలే, ఎల్లుండందాంలే అనుకుంటూ ఉన్నాను. ఆయన పోయాడు.

నువ్వేమో, నాన్న లేడు, మేనమామవి, చెయ్యి పట్టుకుని నడిపించమంటున్నావు. గంప దించమన్న నోరమ్మా ఇది. ఇంతా విన్నాక కూడా నేనే కావాలా?

ఏంటీ? మీ అమ్మ ముందే చెప్పిందా? మరి ఇంతసేపు నాచేత ఎందుకు వాగించావు? తెలిసే ఆ పేజీ తెరిచావన్నమాట. తోమాసు కూతురివే.

సర్లే గానీ, మీ చర్చికి మెట్లెన్ని?