నీళ్లలో తేలే పిడి

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది, దివిసీమలో చేపలు పట్టే ఒకతను బెజవాడ గవర్నర్‌పేటకు వచ్చి, కత్తులకు పిడులు బిగించే ముసలి సాయిబు ముందు తన మడతకత్తి పెట్టాడు. దాని పిడి పగిలిపోయింది.

"టేకు పిడైతే పట్టు బాగుంటది గానీ ఉప్పునీళ్లకి ఉబ్బుద్ది. ఇత్తడి తడిచేతిలో జారుద్ది. దున్నపోతు కొమ్ము వేయించుకో. నీ తర్వాత కూడా ఉంటది," అన్నాడు సాయిబు.

"నా తర్వాత ఎవరున్నారండీ? నీళ్లలో పడితే తేలే పిడి కావాలండి."

"ఏ పిడి వేసినా కత్తి మునుగుద్దయ్యా. ఇన్నాళ్లూ ఎప్పుడూ పడలేదా?"

"పడేదండి. మా తమ్ముడు దూకి తీసేవోడు. ఉప్పెనలో పోయాడండి. ఇప్పుడు పడవలో నేనొక్కణ్ణే."

సాయిబు కత్తి తీసుకుని పగిలిన పిడి ఊడదీశాడు.

"కొమ్ము పిడే వేసి, చివర బెజ్జం పెడతాను. తాడు కట్టి మొలకి చుట్టుకో. గంట పట్టుద్ది, ఈలోగా బజార్లో పనులు చూసుకుని రా."

అతనికి బజార్లో పనేమీ లేదు. ఇంటికి తొందరగా వెళ్లి మాట్లాడవలసిన మనిషీ లేడు.

"ఇక్కడే కూచుంటానండి. మీరు పని చేసుకుంటా ఏదన్నా చెప్పండి, ఇంటాను."

సాయిబు పీట ముందుకు జరిపాడు.

"కూచో. మా తాత ఏనుగు దంతంతో పిడి చేసిన సంగతి చెప్తాను."