నీళ్లలో పోయినవాళ్లు

హలో… ఆఁ, నేనేనండి, ఎలీయాజరుని. హెల్తు ఇనస్పెక్టరుని. ఆకివీడు మిల్లువారి ఫోనులోంచి మాట్లాడుతున్నాను… హెల్తాఫీసు హెడ్డుగుమాస్తా హనుమంతరావుగారేనాండి? నమస్కారమండి.

చలిజ్వరానికి పంపుతామన్న కొయినా బిళ్లలు ఇంకా రాలేదండి.

…ఏంటీ? తాడేపల్లిగూడెం పంపించేశారా! మరి మా కొల్లేటి లంకకో?

…జ్వరం చావులు లేవని ఎవరన్నారండీ?

…కాగితమా! కాగితం మీద మా లంకంత ఆరోగ్యమైన ఊరు జిల్లాలోనే లేదులెండి. ఇంటింటా గోనెలు కప్పుకుని వణుకుతున్నారు. బతికున్నవాడి వణుకు మీ లెక్కలోకి రాదు కదా!

…కోపం కాదండి. వినండి.

వణుకుతూనే వలకెళ్తారండి. వెళ్లకపోతే పొయ్యి వెలగదు. దోనెలో ఉండగానే జ్వరం ముంచుకొస్తుంది, కళ్లు తిరిగి నీళ్లలో పడిపోతారు. మునసబుగారు చావుల పుస్తకంలో 'నీళ్లలో పడి పోయాడు' అని రాస్తారు. మీరు ప్రమాదాల్లో వేస్తారు. అదండీ సంగతి.

…ఆ రాత దిద్దించమంటారా? మొన్న గంగరాజు పోయాడండి… ఆఁ, నన్ను దోనెలో తిప్పేవాడే. వాడి పెళ్లాం గంగమ్మని బతిమాలాను. జ్వరమని చెప్పమ్మా, మందొస్తుంది అని.

…ఒప్పుకోలేదండి. కొల్లేట్లో పోయినవాణ్ణి అమ్మవారు పెద్దింట్లమ్మ తీసుకుందంటారు. ఊరంతా ఆ ఇంటికి చేపా బియ్యమూ తెచ్చిపెడతారు. అదే జ్వరమంటే గడప తొక్కరు, వాళ్లు పట్టిన చేప కొనరు. "మీ మందు ఎప్పుడొస్తుందో అయ్యగారూ, నా పిల్లలు ఇవాళ తినాలి" అంది.

…దిద్దించలేదండి. మునసబుగారి రాత అలాగే ఉంచి వచ్చేశాను.

…పోనీ, నా పూచీ మీద ఒక్క డబ్బా ఇప్పించండి. ఆవిడ పెద్దపిల్లకీ పట్టుకుందండి, జ్వరం.

…హలో? హలో… ఆఁ, వినిపిస్తోందండి. రూలు ఒప్పుకోదా… వచ్చే ఏడు చూస్తారా.

…సరేనండి. గంగరాజుని ప్రమాదాల్లోనే ఉంచండి.

…నా గొంతా? వణుకుతోందా?… ఏం లేదండి. పొద్దుటి నుంచి కాస్త చలి.

…అవునండి, ఇక్కడా ఎండ మండిపోతోంది.

…లేవండి, బిళ్లలు నా దగ్గరా లేవు. ఉన్నవి లంకలో పంచేశాను.

…ఇక్కడే ఉండిపోతే ఎలాగండీ, అక్కడ పిల్ల మంచాన ఉంటే. దోనె కట్టేసి ఉంది. దాన్ని తోసే గెడ నేనే వేసుకోవాలి, ఇంకెవరున్నారు?

…ఈతాండి? వచ్చండి. బాగానే వచ్చు.

…గంగరాజుకీ వచ్చండి.

…ఉంటానండి.