తీర్పు పూర్తి పాఠం

శాన్ హసింతో గని పట్నంలో పత్రికాఫీసు మెట్లెక్కి మంత్రిగారి లాయరు రొప్పుతూ వచ్చేసరికి, సంపాదకురాలు జైలుకి సంచీ సర్దుకుంటోంది.

“అమ్మగారూ, ఆ తీర్పు మీ పత్రికలో వెయ్యకండి!”

“అదేమిటి లాయరుగారూ! రహస్య ఉత్తరం బయటపెట్టానని నాకు రెండేళ్ళ జైలు. ఆ తీర్పు పొల్లుపోకుండా మొదటి పేజీలో నేనే వేసుకోవాలని కోర్టుని అడిగింది మీరేగా?”

“మీ పరువు తీద్దామనుకున్నాం. జడ్జిగారు సాక్ష్యమంటూ ఆ ఉత్తరం మొత్తం తీర్పులోకి ఎక్కించేశారు!”

“గని విషం నదిలోకి వదలమని మీ మంత్రి రాసిన ఉత్తరం. అప్పుడు అది అచ్చేసిన పత్రికలన్నీ తగలబెట్టించారు. ఇప్పుడు వెయ్యకపోతే కోర్టు ధిక్కారమట! అచ్చు మీకు అచ్చిరాలేదు పాపం.”

“మంత్రిగారు క్షమించానని సంతకం పెడతారు. తీర్పూ రద్దు, మీ జైలూ రద్దు.”

“ఆయన నన్ను క్షమిస్తాడా? ఆ నీళ్ళు తాగి చనిపోయిన మా చెల్లెలు ఒదీలియా ఆయన్ని క్షమించలేదు.”

“రెండేళ్ళండీ! ఆలోచించుకోండి.”

“కింద ఆ చప్పుడేమిటనుకున్నారు? మీరు మెట్లెక్కుతుండగానే అచ్చు మొదలైంది. ఇదిగో, మంత్రిగారికి మొదటి ప్రతి. సిరా తడిగా ఉంది, చేతులకి అంటుతుందని చెప్పండి.”