మూడోసారి అడిగితే

నవంబరు చలి. కొరియాలో ఒక కొండపల్లె. వంటింటి నేల మీద పట్టా పరుచుకుని, మల్‌సున్, ఆమె కూతురు యన్‌జు చలికాలమంతా తినే కిమ్చీ పచ్చడి కోసం ఉప్పులో ఊరిన క్యాబేజీలకు కారం పూస్తున్నారు.

"అడుగాకు దాకా పట్టించవే కారం. పైపైన పూసి వదిలెయ్యకు."

"పట్టిస్తున్నా లేమ్మా. రేపు ఆసుపత్రికి వస్తున్నావా, లేదా?"

"నాకు నవ్వొస్తోంది యన్‌జూ. నీ ముక్కుకంతా కారమే."

"నవ్వకు. కడుపులో గడ్డ అది. పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మన్నాడు డాక్టరు. ఇంకా ఆలస్యం చేస్తే కోసినా లాభం లేదన్నాడు."

"ఆ ఉప్పులో ఊరిన రొయ్యలు ఇలా అందియ్యి."

"నే చెప్పేది వింటున్నావా?"

"వింటున్నా. అందియ్యి ముందు."

"ఇదిగో. అసలింత ఎందుకు పెడుతున్నావు? కిందటేడు పెట్టిందే మనిద్దరం తినలేక పంచిపెట్టాం."

"ఉంటుందిలే. చిన్న జాడీలోది తొందరగా పులుస్తుంది, ముందు అది తిను. పెద్దదాని మూత మంచు కరిగాక తియ్యి."

"తిను, తియ్యి అంటావేం? నువ్వు తినవా?"

"నేనూ తింటాలే. చేతులాపకు."

"అమ్మా, ప్రార్థన ఇంట్లో హేసుక్ అక్క కూడా ఇంతే. గురువుగారు తల మీద చెయ్యి పెట్టారు, తగ్గిపోయింది అంది. మాత్రలు మానేసింది. దగ్గరుండి మాన్పించింది నేనే. శవం పక్కన నిలబడి ఆయనేమన్నారో తెలుసా? ఆమెకు నమ్మకం చాల్లేదన్నారు."

"చాల్లేదేమో."

"ఏళ్ళ తరబడి ఆయన బట్టలుతికిందమ్మా."

"బట్టలుతికితే నమ్మకమా? అలాగైతే మన వాషింగ్ మెషీను ఎప్పుడో మోక్షానికి పోయేది."

"జోకులు వద్దు. నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నా. రేపు నాతో వస్తావా?"

"అనుమానం ఉన్న చేత్తో ఇస్తే మందు కూడా పనిచెయ్యదన్నారు గురువుగారు."

"ఆయన మాట కాదు. నీ మాట చెప్పు."

"నా మాటా? మీ నాన్న పోయాక ఇదే ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నా. తిన్నావా అని అడిగే మనిషి లేడు. నువ్వే వచ్చి, చెయ్యి పట్టుకుని కొండ మీది ప్రార్థన ఇంటికి తీసుకెళ్ళావు. గురువుగారు నన్ను పక్కన కూచోబెట్టుకుని, ముళ్ళు తీసి మరీ నా గిన్నెలో చేపముక్క వేశారు. మళ్ళీ అన్నం తిన్నది ఆ రోజే."

"అది నేను చెప్పబట్టే అమ్మా. కొత్తవాళ్ళను తెచ్చేముందు వాళ్ళకేం ఇష్టమో ఆయనకు చెప్పాలి. నాన్న నీకు ముళ్ళు తీసి పెట్టేవాడని నేనే చెప్పాను."

"తెలుసు."

"తెలుసా?"

"లేకపోతే ఆయనకెలా తెలుస్తుంది? చెప్పింది నువ్వైనా, తీసింది ఆయనే కదా. ఒసేయ్, గ్లవ్స్‌తో కళ్ళు తుడుచుకోకు, కారం."

"మండనీ. నువ్వు ఒక్కసారి నా మొహం చూడు. ఇందాకట్నుంచీ నా చేతులే చూస్తున్నావు."

"చేతులు చూస్తేనే పనెలా సాగుతోందో తెలిసేది."

"తప్పు చేశానమ్మా. ఆ ప్రార్థన ఇంట్లో కూచుని అందరికీ పాఠాలు చెప్పాను. నిన్ను నేనే తీసుకెళ్ళాను. హేసుక్ అక్కను పొట్టన పెట్టుకున్నాను. నాకు నువ్వొక్కదానివైనా మిగులు. రేపు వస్తావా?"

"..."

"మాట్లాడవేం? గ్లవ్స్ విప్పేశావేం, ఇంకా సగం గంప ఉంది కదా. అమ్మా, ఆ తలుపు వెనక సంచి ఎవరిది? ఎప్పుడు సర్దుకున్నావు? అంటే ఈ జాడీలన్నీ... నా ఒక్కదానికేనా? బూట్లు వేసుకోకు, ఆ కొండ మీదికి పోకు. ఏదో ఒకటి అనమ్మా. పోనీ తిట్టు."

తలుపు తెరుచుకుని, మూసుకుంది.

"ఇంటివాళ్ళు తమతో రమ్మని మొదటిసారి అడిగితే నవ్వు. రెండోసారి అడిగితే గురువుగారి మాట చెప్పు. కళ్ళలోకి చూడకు, చేతులు చూడు. మూడోసారి అడిగితే నోరు మెదపకుండా లేచి వచ్చెయ్యి... అమ్మా, ఇది నేను నేర్పిన పాఠమే కదా."