బావి స్థిమితపడేదాకా ఆగిన మనిషి

పందొమ్మిది వందల ఎనభై తొమ్మిది జూన్ మూడో తేదీ ఉదయం, చేతిలో నియామక పత్రంతో, కొత్త చెప్పులు కాలిని కరుస్తుండగా, మన చమురు నిక్షేపాల విభాగంలో ఇరవైనాలుగేళ్ల ఇంజనీరుగా అడుగుపెట్టిన మన పెద్దాయన, ముప్పయ్యారు సంవత్సరాల నిర్విరామ సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. క్యాంటీన్ మొదలు డైరెక్టరు గది దాకా చాటుగా వారిని అందరూ పిలుచుకునేది 'ఆగండి గారు' అని. ఆ సంగతి వారికి తెలియదని మనమూ, తెలియనట్టు వారూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చాం.

ఆ బిరుదు తొలి పన్నెండేళ్ల క్షేత్రసేవలో వచ్చినది. బావిలో ఎంత చమురు మిగిలిందో అంచనా వేయాలంటే, బావిని మూసి, లోపలి పీడనం స్థిమితపడేదాకా మూడు రోజులు వేచి, అప్పుడు కొలవాలి. ముందే కొలిస్తే అంకె తక్కువగా వచ్చి, ఉన్న చమురు లేనట్టే కనిపిస్తుంది. ఎండకు మాడిపోతున్న సిబ్బంది ఇంక చాలు సార్ అని బతిమాలినా, వారి నోట వెలువడేది ఆ ఒక్క మాటే.

తదుపరి ప్రధాన కార్యాలయానికి బదిలీపై వచ్చి, మరొకరు సరిచూడని అంకెను పెన్సిల్‌తోనే రాయాలనీ, పెన్సిల్ అంకె గది గడప దాటరాదనీ వారు నెలకొల్పిన ఆనవాయితీని మనమంతా పాటించాం, ఒక్కరు తప్ప.

మూడేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ చర్చావేదికలో చమురు తరుగుదల మీద పెద్ద రభస జరిగింది. నేల కింద చమురు ఊరుతూనే ఉంటుందని ఒక వర్గం, రేపే అడుగంటుతుందని మరో వర్గం నోటికొచ్చింది రాసేవారు. తెలిసినవారు మాత్రం నోరు మెదపలేదు. అప్పుడు 'భూగర్భజ్ఞాని' అనే మారుపేరు గల మహానుభావుడొకడు ఒక క్షేత్రపు పీడనం అంకె చూపించి, ఐదేళ్లలో అంతా ఖాళీ అని తేల్చేశాడు. ఆగండి గారి బావమరిది డీజిల్ పంపులు బాగుచేసే మెకానిక్. అది చదివి, ఇరవయ్యేళ్ల కొట్టు మూసేయడానికి సిద్ధపడి, పనిముట్లకు బేరం కూడా కుదుర్చుకున్నాడు. అదేమిటని వారు నిలదీస్తే అతనన్న మాటను మర్నాడు టీ వేళ మనతో చెప్పుకున్నారు:

"బావా, ఇన్నేళ్లుగా బావుల్లోకి చూస్తున్నది నువ్వు. ఒక్క ముక్కైనా చెప్పావా? ఆయనెవరో, కనీసం చెప్తున్నాడు."

చెప్పి, తప్పు నాదే అన్నారు. ఆ గదిలో ఒకరు మాత్రం టీ సగంలో వదిలేసి లేచారు.

బహిరంగంగా రాయడానికి అనుమతి కోరుతూ వారు పెట్టిన అర్జీ ఆరు వారాలు బల్లలు తిరిగింది. అందాకా బేరం ఆపమని బావమరిదిని బతిమాలుకున్నారు. అనుమతి రాగానే తమ వృత్తి, అనుభవం చెప్పుకొని, చమురు తరుగుతున్న మాట నిజమేననీ, అయితే ఐదేళ్ల అంచనాకు ఆధారమైన అంకె తొందరపడి తీసినదనీ, తమ విభాగానికి తెలియనిది కూడా ఎంతో ఉందనీ వివరించారు. తిట్టినవారికీ మీరు అంటూనే జవాబిచ్చారు. కొట్టు నిలిచింది. బావగారి సలహాపై అతను ఇప్పుడు విద్యుత్ మోటార్ల పనీ నేర్చుకుంటున్నాడు.

ఇక దాచి లాభం లేదు. ఆ భూగర్భజ్ఞాని ఈ వ్యాసకర్తే. బావి మూసిన పన్నెండు గంటలకే కొలిచి పెన్సిల్‌తో రాసుకున్న అంకెను, నలుగురిలో గొప్ప కోసం గడప దాటించిన ఘనుడూ ఇతడే. జవాబు రాయడానికి ముందు వారు ఇతణ్ణి పక్కకు పిలిచి అన్నది ఇంతే:

"ఆ అంకె ఈ గదిలో తప్ప ఇంకెక్కడా లేదండీ. నేను జవాబు రాస్తాను గానీ, తప్పు మీరే దిద్దండి. మీ పేరుతో దిద్దండి."

దిద్దాడు. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాడు గానీ చావలేదు. ఆ రహస్యాన్ని వారు బావమరిదికి సైతం నేటి వరకు చెప్పలేదు. మన పత్రిక ఈ సంచిక ఆ బావమరిదిగారి చేతికీ వెళుతుంది గనుక, అయ్యా, క్షమించండి.

మీరు వెళ్లాక ఆ వేదికలో ప్రశ్నలకు జవాబెవరు చెబుతారని ఈమధ్య వారిని అడిగితే, మీరే చెప్పండి, కాకపోతే రాసి మూడు రోజులు ఆగండి అన్నారు.

ఆ మాట ప్రకారం ఈ వ్యాసాన్నీ మూడు రోజులు పక్కన పెట్టడమైనది. మళ్లీ చదివితే ఒక్క అంకె దిద్దవలసి వచ్చింది. వారు సతీసమేతంగా, సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు వర్ధిల్లాలని మొదట పెన్సిల్‌తో రాశాం. తొందరలో తీసిన అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుందని వారే కదా నేర్పారు. అందుకే ఆ నూరును కొట్టేసి, అంతకు ఎంత ఎక్కువైనా సరేనని, ఈసారి సిరాతో రాస్తున్నాం.