తల ఉన్న నీడలు

అమ్మలారా, అన్నలారా, షామియానా లేకుండా ఎండలో కుర్చీలు వేయించింది నేనే. లోపల చల్లని హాలు ఉండగా ముసలాడికి ఇదేం పిచ్చి అని మీరు గొణుక్కోవడం వినబడుతూనే ఉంది. కాస్త ఓర్చుకోండి, కారణం చివర్లో చెబుతాను.

మన నజ్వా పోయి ఇవాళ్టికి నలభయ్యో రోజు. ఉపగ్రహం తీసిన ఫొటోల్లో మన బస్రా చుట్టూ ఖర్జూర తోటలు ఎన్ని మిగిలాయో చూడటం మా ఇద్దరి ఉద్యోగం. నేను జీతం కోసం చేశాను. ఆమె ప్రాణం పెట్టి చేసింది.

ఒక ఏడాది కంప్యూటర్ లెక్కలో ఊరి పచ్చదనం పెరిగింది. ఆఫీసంతా సంబరం. ఖర్జూరం కూరిన క్లేచా బిస్కెట్లు తెప్పించి పంచారు. నజ్వా ముట్టలేదు. ఉప్పునీళ్లు ఎక్కి పాడుబడిన తోటల్లో రెల్లు మొలిచింది, కంప చెట్లు మొలిచాయి. పైనుంచి చూస్తే అదీ పచ్చే కదా? ఆమె పొద్దుటి పూట ఫొటోలు తెప్పించింది. బతికున్న ఖర్జూర చెట్టు నీడకు గుండ్రటి తల ఉంటుంది. తల నరికిన చెట్టు నీడ ఉత్త కర్ర. "పచ్చదనం చూసి మురిసిపోకండి, నీడకు తల ఉందో లేదో చూడండి" అంది. క్లేచాల పళ్లెం అలాగే ఉండిపోయింది.

చెట్టు తల ఎందుకు నరుకుతారో మీకు నేను చెప్పాలా? లోపలున్న తియ్యటి లేత మొవ్వు తినేవాళ్లకు అమ్ముకోవచ్చు. తర్వాత చెట్టు దానంతటదే చచ్చిందని చెప్పి ఇళ్ల స్థలాలు వేసుకోవచ్చు.

నజ్వా తమ్ముడి నిశ్చితార్థంలో ఆ మొవ్వే పళ్లేల నిండా పెట్టారు. బస్రాలో పుట్టినవాడెవడైనా దాన్ని వద్దంటాడా? నజ్వా మాత్రం వియ్యాలవారి ముందే "ఇది ఏ తోటది?" అని అడిగింది. "ఈ ఒక్క పూటకి ఊరుకోవే అక్కా" అని తమ్ముడు బతిమాలాడు. ఆ వారం బజార్లో మొవ్వు చవకైపోయింది. అంటే ఎక్కడో ఒక తోట కూలినట్టే. తర్వాతి ఫొటోలో తెలిసింది, నహర్ జాసిబ్ కాలువ పక్కన వాళ్ల సొంత తోటలోనే సగం నీడలకు తలల్లేవు. నరికించింది సొంత పెదనాన్న. తాను గీస్తున్న నీడల పటంలో, నరికేసిన చోటని ముందు ఆ సగానికే ఎర్రరంగు వేసింది. "ఆకాశంలోంచి చూసి చెప్పేంత పెద్దదానివయ్యావా?" అని ఆయన గడప తొక్కనివ్వలేదు. ఏడ్చింది గానీ రంగు మార్చలేదు. పెద్దాయన ఇవాళ వచ్చారు, వెనక వరసలో కూర్చున్నారు. వచ్చినందుకు సంతోషం.

మిగిలిన సగం తోటను ఇళ్ల స్థలాలకు ఇవ్వాలా వద్దా అన్నది రేపు పురపాలక ఆఫీసులో తేలుస్తారట. వాళ్ల దగ్గరున్నది కంప్యూటర్ వేసిన పచ్చ పటం, ఊళ్లో పచ్చదనం పెరిగింది కాబట్టి ఒక తోట పోయినా ఫర్వాలేదనిపించేది. నీడల పటం ఇస్తే, "వేసిన మనిషే పోయింది, దీనికి జవాబు చెప్పేదెవరు?" అన్నారు. నేను చెబుతాను. ఒక్కణ్ణే వెళితే ముసలి గొణుగుడు అంటారు. మీరూ రండి. పెద్దాయనా, మీరు ముందు రండి.

ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. "తోటలో ఇంకా తలలున్నాయా అన్నా?" ఉన్నాయమ్మా అన్నాను. అది అబద్ధం కాదు. రేపు సాయంత్రానికి అబద్ధమవుతుందేమోనని నాకు భయంగా ఉంది.

ఉపగ్రహం మన మీదుగా పోయేది పొద్దున ఈ వేళకే, అందుకే మిమ్మల్ని ఎండలో కూర్చోబెట్టాను. ఆ వేళ నజ్వాకు నోటికి వచ్చేది. గొడుగులు ముడిచేయండి. లేచి, ఒకరికొకరు కాస్త ఎడంగా, మాట్లాడకుండా నిలబడండి. మీ నీడ నేల మీద పడనివ్వండి. దానికి తల ఉందో లేదో ఎవరిది వారు చూసుకోండి.