పాత గుడి ఆమేన్

హారను కొడితే ప్రార్థన తొందరగా అయిపోద్దేటి, దిలీపూ? లోపలికి వొచ్చీసినావు గదా, కూకో. బెంచీ మీదే కూకో. ఇయ్యాల మటుకు అవి బెంచీలే.

నాను ప్రార్థన సేసి ఆమేన్ అంటే గానీ నీ బుల్డోజరు ఈ గుడి మీదికి రాకూడదన్నారు పాస్టరుగారు. సంఘమంతా బయట ఎండలో నిలబడ్డాది, తెలుసు. ఈ యోబు తాత ఏటి సేత్తన్నాడని అడిగితే ఏడుత్తన్నాడని సెప్పకు. పాట ఎతుక్కుంటన్నాడని సెప్పు.

ఈ గోడ సూడు, మూరెడు మందం. కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసి మా తాత గానుగలో రుబ్బిన సున్నం. తిత్లీ తుపానుకి ఉద్దానంలో కొబ్బరిచెట్టు నిలబడ్డాదేటి? ఊరు ఊరంతా ఇందులోనే తలదాచుకున్నాం, ఏ దేవుడికి మొక్కీవోలైనా సరే. పెంటయ్య ఆవుని కూడా తోలుకొచ్చీసినాడు. ఆ పొద్దు కదలకుండా వాక్యం ఇన్నది అదొక్కటే.

మరెందుకు పడగొడతన్నారంటావా? నన్నడుగు. నానే.

పోయిన క్రిస్మస్‌కి ప్రార్థన నాది. గుమ్మం బయట దాకా జనం. జనం కనిపిత్తే నీకు నోరాగదని మా మార్తమ్మ, బతికున్నప్పుడు, ఎప్పుడూ అనీది. 'దేవా, ఈ ఇరుకు గుడి సాలదు, మాకు కొత్త మందిరం ఇయ్యి' అనీసినాను. ఉత్తినే వొచ్చీసింది మాట. మూడొందల మంది ఆమేన్ అనీసినారు.

ఆమేన్ పడిపోయిన మాట మా సంఘంలో ఎనక్కి తీసుకోడం లేదు బాబూ. దేవుడి దగ్గిర ఎవుడు తీసుకుంటాడు? మర్నాడే కమిటీ. పై నెల్లో ప్లాను. 'బాగు సేయించుకుందారి' అని నాను అంటే, 'తాతా, నువ్వడిగిందే గదా' అని నవ్వినారు.

పాస్టరుగారికి కూడా సెప్పలేదు గానీ, నీకు సెప్తన్నాను. ఆ ఆమేన్ అంత తియ్యగా ఇనిపించింది జనం వల్ల కాదు. పైన ఆ మద్ది దూలాలున్నాయే, వాటి వల్ల. నా గొంతుని పైకి అట్టుకెల్లి, గుండ్రంగా సేసి, మళ్ళీ నా సెవిలో పోసీవి. యాభై ఏళ్ళు అదంతా నా గొంతే అనుకున్నాను. ఇంకోసారి ఆ మోత ఇందామనే ఆ మాట అడిగినాను, మందిరం కోసం కాదు.

ఈ గుడిని కూల్చమని ఈ గుడి చేతే ఆమేన్ అనిపించినాను.

పద. ప్రార్థన బయట ఎండలోనే సేత్తాను, నాయినా. లోపల సేత్తే ఇది మళ్ళీ ఆమేన్ అనీగలదు.